ఇడ్లీ స్టాండులో పదహారు పూసలు

స్నానం 31, సోమవారం

అందుకే పదకొండు దాకా లెక్కపెట్టాను. నిన్న అక్కడిదాకా రాసేసరికి టైమ్ అయిపోయింది. పన్నెండు అనబోతుంటే కెజియా తనంతట తనే లేచి కూర్చుంది.

"ఎవర్తిదే ఆ మోకాలు? ఇనప గొట్టమా అది?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మోకాలు నాది.

నిన్న కంగారులో రాసింది సరిగ్గా లేదు. మళ్లీ వరసగా రాస్తాను. కార్నర్ నుంచి బంతి వచ్చింది. నేను గోలీని, బంతిని గుద్దడానికి పైకి ఎగిరాను. కెజియా తలతో కొట్టడానికి ఎగిరింది. నా పిడికిలి బంతికి తగిలింది. నా కుడి మోకాలు తన ఎడమ చెవి పైన తగిలింది. చప్పుడు పెద్దగా రాలేదు, లావు పుస్తకం మూసినంత. తను పడిపోయింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. భయం వేస్తే నేను చేసే పని అదొక్కటే.

మా కోచ్ భవానీ మేడమ్ చూడలేదు. తల్లిదండ్రుల అసోసియేషన్ వాళ్లు కొత్త మెత్తపూస శాంపిల్ తెచ్చారు. మేడమ్ మాకు వీపు తిప్పి, తలుపు దగ్గర వాళ్లతో వాదించుకుంటున్నారు. చూసింది మేం పదిహేనుమందిమే. కెజియాతో కలిపి పదహారు.

ఇంకెవరూ చూడకపోవడానికి కారణం స్టాండు. ప్రాక్టీసుకి ముందు స్టాండు డ్యూటీ నాది. నాలుగు అంతస్తుల ఇడ్లీ స్టాండు, అంతస్తుకి నాలుగు గుంటలు. ఒక్కొక్కరూ మెడలోంచి కెమెరా పూస తీసి ఇస్తారు, నేను వరసగా గుంటల్లో పెట్టి, పాత్రలోకి దించి మూత వేస్తాను. పాత్ర మేడమ్ వాళ్లింట్లోది. మొదటి సంవత్సరం ఒకమ్మాయికి బంతి తగిలి పూస గొంతులో గుచ్చుకుంది. అప్పట్నుంచి ఆటలో పూసలు తీసెయ్యాలని రూలు. ఆ గంటసేపు పూసలకి మూత లోపలి భాగం తప్ప ఏమీ కనిపించదు, ఏమీ వినిపించదు. పూస చూసేదంతా చూపించే అమ్మల పలకలు పదహారు ఇళ్లలో నల్లగా ఉంటాయి. నాన్న దాన్ని ఇడ్లీ ఛానెల్ అంటాడు.

ఇప్పుడు వచ్చిన మెత్తపూస జెల్లీలా ఉంటుంది, ఎంత గట్టిగా తగిలినా గుచ్చుకోదు. కాబట్టి ఇక తీసెయ్యక్కర్లేదు, ప్రాక్టీసు కూడా తల్లిదండ్రులు చూడొచ్చు అని పిటిషన్ పెట్టారు. ఆదివారం ఓటింగు. పిటిషన్‌లో మొదటి సంతకం మా అమ్మది.

కెజియా లేచి నిలబడి, స్టాండు మూత మీద చెయ్యి పెట్టింది. "వచ్చే ఆదివారం దాకా ఎవర్తీ నోరు మెదపకూడదు. మెదిపారా, ఈ గంట పోయినట్టే." ఒకరి తర్వాత ఒకరం చెయ్యి పెట్టాం. నాది ఆఖరి చెయ్యి. మూత చల్లగా ఉంది.

స్నానానికి తొమ్మిది నిమిషాలు. పూస బయట మేకుకి తగిలించాలి. తొమ్మిదో నిమిషం దాటితే ఈల వేస్తుంది. ఇప్పుడు ఎనిమిది. నీళ్లు పోసుకున్న చప్పుడు రావాలి కదా, రెండు చెంబులు పోస్తాను.

స్నానం 32, మంగళవారం

కెజియా బంతిని వదిలేసి గాల్లో తన్నింది. రెండుసార్లు.

"ఏమ్మా కెజియా, మధ్యాన్నం ఏం పెట్టింది మీ అమ్మ? కాళ్లు లేవట్లేదు?" అన్నారు మేడమ్.

"పప్పుచారు మేడమ్."

"రేపట్నించి చారు మానెయ్. పప్పు తిను."

నీళ్ల బ్రేక్‌లో నా పక్కన కూర్చుని చెప్పింది. "బంతులు రెండు కనిపిస్తన్నాయే. ఏది నిజందో తెలీక మధ్యలో తన్నాను."

"తల నొప్పిగా ఉందా?"

"లేదు. బరువుగా ఉంది. ఎవరో తలమీద కూర్చున్నట్టు."

"డాక్టర్ దగ్గరికి వెళ్లు."

"వెళ్తే ఎలా తగిలింది అంటారు. ఏమని చెప్పను? బాత్రూంలో జారాననా? బాత్రూం బయట మేకుకి నా పూస ఏలాడతంది, పడ్డ చప్పుడు దానికి వినపడదా?"

నిజమే. మా ఊళ్లో ఎవరూ ఎక్కడా తెలీకుండా పడలేరు. నలభై ఏళ్ల కింద ఉప్పెన వచ్చి రెండో గట్టు తెగినప్పుడు పోయిన పిల్లల పేర్లు స్కూలు గేటు మీద ఉన్నాయి. ఆ తర్వాత ఈ మూడో గట్టు కట్టి, ఊరిని దీని వెనక్కి మార్చి, పూసలు పెట్టారు. పుట్టిన ఇరవై ఒకటో రోజున నల్లతాడుతో పాటు పూస కడతారు. పద్దెనిమిదేళ్లు నిండితే తీస్తారు. నాకు ఇంకా రెండేళ్ల నాలుగు నెలలుంది.

స్కూల్లో రోజంతా కెజియా పక్కనే కూర్చుంటాను. ఒక్క మాట అడగలేను. పూసకి చెవి ఉంది. త్రికోణమితి గురించి మాట్లాడుకుంటాం. తను మధ్యలో ఆగిపోయి, చేతిలో పెన్ను ఎందుకుందో గుర్తు రానట్టు చూసింది. అదీ నేనే చూశాను. తన పూస బ్లాక్‌బోర్డుని చూస్తోంది.

ఇంటికొచ్చాక అమ్మ ముల్లంగి తరుగుతూ పలకలో నా రోజుని స్పీడుగా తిప్పి చూసింది. "మూడో పీరియడ్‌లో ఆవులించావేంటే? పెరుగన్నం సగం వదిలేశావు." నేను ఊఁ అన్నాను. ఇవాళ ఏం జరిగింది అని అమ్మ నన్ను చివరిసారి ఎప్పుడు అడిగిందో గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు. చూసేశాక మళ్లీ అడగడం ఎందుకు?

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. మొన్న ఆదివారం కెజియా మెడలో పూస ఉండి ఉంటే వాళ్లమ్మకి నా మోకాలు కనిపించేది. తర్వాత మేం ఆడే షెడ్డు కప్పు. పదకొండు సెకన్లు కప్పే. సోమవారం పొద్దున్నకల్లా కెజియాని ఆస్పత్రిలో పడుకోబెట్టేవాళ్లు. అంటే అమ్మ పిటిషన్ కరెక్టే. ఈ మాట రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

స్నానం 33, బుధవారం

ఇవాళ ప్రాక్టీసు లేదు. అమ్మ కూరకి నాచు తెమ్మని పంపింది.

పదకొండు నుంచి ఐదు దాకా ఎర్ర గంటలు, ఎండకి ఒళ్లు కాలిపోతుంది. బయట నడవాలంటే తడికోటు వేసుకోవాలి, కోటు ఉన్నా వీధిలో ఐదు నిమిషాలకి మించి ఉండకూడదు. కాబట్టి కప్పు ఉన్న నడవాలోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. నాచు కౌంటర్లో ఉండేది సువార్తమ్మ ఆంటీ, కెజియా వాళ్లమ్మ. పలకని తక్కెడకి ఆనించి పెట్టుకుని నాచు చిక్కు తీస్తోంది.

"రా అమ్మలూ. ఎంతిమ్మంటావు?"

"అరకేజీ ఆంటీ." సంచి కౌంటరు మీద పెట్టాను. "కెజియా ఏం చేస్తోందండీ?"

"ఇదిగో చూడు, హోంవర్కు చేసుకుంటంది." పలక నావైపు తిప్పింది. అందులో ఒక నోటుబుక్కు, దాని మీద కదలని పెన్ను. పలక అంచు ఆకుపచ్చగా ఉంది. నాడి, వేడి, ఊపిరి అన్నీ బాగుంటే అంచు ఆకుపచ్చగా ఉంటుంది. "మూడ్రోజుల్నించి ఎంత నిమ్మళంగా ఉంటందో! అల్లరి లేదు, ఎదురుచెప్పడం లేదు. పెద్దదైపోతంది నా పిల్ల."

పెన్ను కదలలేదు. ఆంటీ తక్కెడ సరిచేసింది. నేను ఇరవై ఆరు లెక్కపెట్టాను. పెన్ను అప్పటికీ కదలలేదు.

"ఆంటీ, దాన్ని ఒకసారి..." అన్నాను. నా గొంతు కింద పూస ఉంది. అమ్మ ఇంట్లో వింటోంది.

"దాన్ని ఒకసారి?"

"ఒకసారి నోట్సు ఇమ్మని చెప్పండి."

"నువ్వే అడుగు తల్లీ, పక్కపక్కనే గదా కూచుంటారు." ఆంటీ నాచు తూచి సంచిలో వేసింది. తర్వాత ముందుకి వంగి, రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించింది. "మీ అమ్మ పిటిషన్‌కి నేనూ సంతకం పెట్టాను, ఏమనుకోకు. మీ ప్రాక్టీసు గంట ఉందే, అప్పుడూ నేను పలక ముందే కూచుంటాను."

"నల్లగా ఉంటుంది కదండీ?"

"నల్లగా ఉన్నా సరే. ఎప్పుడు మూత తీస్తారా అని చూస్తంటాను. ఆ గంట నాకు గడవదమ్మా."

సంచి తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక అమ్మ, "నోట్సు నీ దగ్గరే ఉంది కదే, నిన్న చూశాను," అంది. వేరే నోట్సు అన్నాను. ఏ నోట్సు అని అమ్మ అడగలేదు. రేపు చూస్తుందిగా.

స్నానం 34, గురువారం

మా షెడ్డు ఒకప్పుడు రొయ్యల కోల్డ్ స్టోరేజీ. గోడలు మూర మందం, కిటికీలు లేవు. చెమట పడితే నేల ఇప్పటికీ రొయ్యల వాసన వేస్తుంది. గోలు పోస్టు పైన పెద్ద లైటు ఉంది. కెజియా ఆ లైటు కిందకి వచ్చి నిలబడింది, నా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

తన కుడి కంటిపాప ఆవగింజంత ఉంది. ఎడమది మిరియం గింజంత ఉంది.

మొదట నా కళ్లే సరిగ్గా లేవేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూశాను. తన గడ్డం పట్టుకుని మొహం లైటు వైపు తిప్పాను. చిన్నది ఇంకా చిన్నదైంది. పెద్దది కదల్లేదు.

"ఏంటే, ముద్దు పెడతావా?" అంది.

"కెజియా, నీ కళ్లు ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయ్యాయి. ఇవాళే చెప్పేద్దాం. నేనే చెప్తాను."

తన చెయ్యి వచ్చి నా జెర్సీ పట్టుకుంది. పట్టు మాత్రం గట్టిగానే ఉంది. "ఒట్టేశావు. ఆదివారం దాకా ఆగు. ఆదివారం మీటింగ్ అయ్యాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా. స్ట్రెచర్ మీద పడుకోమంటే పడుకుంటా."

"ఈ గంట కోసమా? ఇక్కడ మనం చేసేది ఏముందే? పరిగెడతాం, రొయ్యల కంపు పీలుస్తాం."

"ఏం లేదు. నేనిక్కడ ఏం చెయ్యను. ఉమ్మేస్తా. బూతులు తిడతా. ఓడిపోతే ఏడుస్తా. ఎవరూ అది మళ్లీ వెనక్కి తిప్పి చూడరు. అది చాలు నాకు." జెర్సీ వదిలింది. "నాకు పదహారేళ్లే. నేను ఒక్కదాన్నే చూసిన ముక్క నా జీవితంలో ఎక్కడుంది? మీతో ఈ గంటే."

మేడమ్ విజిల్ వేశారు. కెజియా తిరిగి వెళ్తూ లైను దగ్గర తడబడింది. అక్కడ లైను తప్ప ఏమీ లేదు.

ఐదు నిమిషాలు అయ్యాయి. ఒకటే ఆలోచిస్తున్నాను. ఆ కళ్లు నాలుగు రోజులుగా వాళ్లింట్లోనే ఉన్నాయి. సువార్తమ్మ ఆంటీ తనకి అన్నం పెట్టింది, జడ వేసింది. ఎలా చూడలేదు?

స్నానం 35, శుక్రవారం

పొద్దున్న నుదుటి మీద టూత్‌పేస్టుతో అడ్డంగా ఒక గీత గీసుకున్నాను. వేలెడు పొడుగు, తెల్లగా కనిపించేట్టు. అలాగే వంటింట్లోకి వెళ్లాను.

అమ్మ పెసరట్టు వేస్తూ, పలక చూస్తూ, "జడ రిబ్బను బాత్రూంలో పడేశావు, తెచ్చుకో," అంది. నాన్న, "ఇవాళ లెక్కల టెస్టు కదా?" అన్నాడు. ఇద్దరూ నా ఎదురుగా కూర్చున్నారు. అమ్మ చేతిలోని పలకలో అమ్మే కనిపిస్తోంది. నా పూస అమ్మని చూస్తోంది, అమ్మ పలకలో తనని తను చూసుకుంటూ నాతో మాట్లాడుతోంది. నేను నాలుక బయటపెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. నాన్న చట్నీ వేశాడు.

గీత స్కూలు గేటు దాకా ఉంది. అక్కడ తుడిచేశాను.

మొత్తం ఊరికీ తెలిసిన సంగతే ఇది, కానీ ఎవరూ దీన్ని సంగతిగా అనుకోలేదు. పూస మెడలో ఉంటుంది. బయటికి చూస్తుంది. పిల్ల చూసేదంతా అమ్మ చూస్తుంది. పిల్ల మొహం మాత్రం అందులో ఎప్పటికీ రాదు. రోజంతా పిల్లతోనే ఉన్నాం కదా అనుకుని, పిల్ల ఇంటికొచ్చాక మొహం చూడటం మానేశారు. కావాలని కాదు. అవసరం పడక.

సాయంత్రం అమ్మ నా గదిలోకి వచ్చింది. "ఆదివారం స్టాండు తరఫున నువ్వే మాట్లాడాలి కదా. ఐదు నిమిషాలిస్తారు."

"ఊఁ."

"వద్దనే చెప్తావని తెలుసు. చెప్పు. నేను అడ్డం రాను." మంచం అంచు మీద కూర్చుంది, పలక ఒళ్లో పెట్టుకుంది. "మా చెల్లి పేరు నీకు తెలుసుగా?"

"గేటు మీద ఉంది. పల్లవి."

"దానికి తొమ్మిదేళ్లు. ఉప్పెన రోజు అమ్మ దగ్గరుంది అనుకున్నాను నేను. నా దగ్గరుంది అనుకుంది అమ్మ. రెండ్రోజుల తర్వాత దొరికింది." అమ్మ గొంతు మారలేదు. ఈ కథ అమ్మ ఎప్పుడూ ఒకే గొంతుతో చెప్తుంది. "ఆ గంట పలక నల్లగా ఉంటే నాకు అదే గుర్తొస్తుందే. ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకునే గంట అది."

"మేడమ్ ఉంటారు కదా."

"మేడమ్ వీపు తిప్పితే?"

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పలక అంచు పసుపు రంగుకి మారింది. అమ్మ దాన్ని చూసింది. "ఏమైంది?"

"ఏం లేదు. టెస్టు సరిగ్గా రాయలేదు."

"చూశానులే. నాలుగో లెక్క తప్పు." అమ్మ లేచి వెళ్లిపోయింది.

స్నానం 36, శనివారం

సాయంత్రం ఆరున్నర. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. వరసగా రాస్తాను.

మూడింటికి ప్రాక్టీసు మొదలైంది. కెజియా తన పూస నాకు ఇవ్వడం మర్చిపోయింది. నేనే తీశాను, మూడో అంతస్తు రెండో గుంటలో పెట్టాను. దాని తాడుకి ఎర్ర ముడి ఉంటుంది. మూత వేశాను.

మూడుం పావుకి కెజియా నా గోలు దగ్గరికి వచ్చింది. మైదానానికి వీపు తిప్పి, వల వైపు మొహం పెట్టి నిలబడింది.

"మేడమ్ ఇంకా రాలేదేంటే?" అంది.

మేడమ్ పది అడుగుల దూరంలో విజిల్ వేస్తున్నారు.

"కెజియా, నేనెవర్ని?"

నవ్వింది. పేరు వెతుక్కుంది, దొరకలేదు. దొరకలేదని దాచుకోవడానికి మళ్లీ నవ్వింది. "గోలీవి," అంది.

మేడమ్‌ని పిలుద్దామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. నాకు ఇలా అవుతుంది, చిన్నప్పట్నుంచీ. స్టేజీ మీద, టీచర్ అడిగినప్పుడు. లెక్కపెట్టడం మొదలవుతుంది, మాట ఆగిపోతుంది. నాలుగు, ఐదు, ఆరు. అప్పుడు చేతులు పనిచేస్తున్నాయని గమనించాను. కెజియా మణికట్టు పట్టుకుని తలుపు దగ్గర స్టాండు పెట్టిన బల్ల వైపు లాక్కెళ్లాను.

మూత తీశాను.

కెప్టెన్ నక్షత్ర అవతలి పోస్టు నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఏం చేస్తన్నావే దరిద్రపుదానా! మూత పెట్టు! మూత!" ఆ తర్వాత ఇంకో మాట అంది, అది రాయను. పదహారు ఇళ్లలో పలకలు ఒక్కసారిగా వెలిగాయి. అన్నింట్లోనూ షెడ్డు కప్పు, దాంతోపాటు ఆ మాట. నక్షత్ర రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎర్ర ముడి పూస తీసుకున్నాను. తాడు వేలికి చుట్టుకుని, పూసని కెజియా మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. జానెడు దూరంలో, లైటు పడేలా.

"ఆంటీ," అన్నాను. ఈసారి గొంతు వచ్చింది. "ఆంటీ, కెజియా కళ్లు చూడండి."

కెజియా పూసలోకి చూసింది. "ఏంటే, ఇది నన్ను చూస్తందా?" అంది. తర్వాత చాలా మెల్లగా, "అమ్మా," అంది. కాళ్లు మడిచి నేల మీద కూర్చుండిపోయింది. మేడమ్ వచ్చి తన తల ఒళ్లోకి తీసుకున్నారు. ఎవరు, ఎప్పుడు, ఎలా అని మేడమ్ అడుగుతున్నారు. నేను పూసని కదపలేదు.

సువార్తమ్మ ఆంటీ నడవాలోంచి రాలేదు. చుట్టూ తిరిగితే పన్నెండు నిమిషాలు పడుతుంది. ఎర్ర గంటల్లో, తడికోటు లేకుండా, తారు వీధి మీదుగా అడ్డంగా పరిగెత్తింది. నాలుగు నిమిషాలు. ఒక చెప్పు తారులోనే అతుక్కుపోయింది. ఆ పాదం ఎర్రగా పొంగింది. తలుపు తోసుకుని వచ్చి కెజియా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. చూసింది. చాలాసేపు చూసింది. నుదురు, కళ్లు, ముక్కు పక్కనున్న మచ్చ, అన్నీ.

"ఎవరి పిల్లో అనుకున్నానమ్మా," అంది మేడమ్‌తో. "పలకలో చూసి, ఎవరి పిల్లో పాపం, మొహం ఇలాగుందేంటి అనుకున్నాను. నా పిల్లని నేను గుర్తుపట్టలేదే."

నేను అప్పుడు చెప్పాను. మోకాలు నాది అని, ఆదివారం నుంచి అని, అందరం ఒట్టేశాం అని. ఆంటీ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. ఆంటీ నన్ను వినలేదు. వాళ్లమ్మాయినే చూస్తోంది.

తల లోపల రక్తం గడ్డకట్టిందంట. ఆపరేషన్ చేస్తున్నారు. రేపటిదాకా ఆగి ఉంటే అని డాక్టర్ ఏదో అన్నారంట. మిగతా మాట నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈల. తొమ్మిది దాటింది.

స్నానం 37, ఆదివారం

మీటింగ్ పదింటికి. ఇప్పుడు తొమ్మిదీ ఐదు.

కెజియా ఇంకా లేవలేదు. ఆపరేషన్ అయ్యింది. అంతే తెలుసు.

పొద్దున్న నడవాలో నక్షత్ర ఎదురైంది. మెడలో పూస. "ఆల్ ద బెస్ట్ తరళా, బాగా మాట్లాడు," అంది, ఎంతో మర్యాదగా. వెనక ఉన్న ఇద్దరూ అలాగే మర్యాదగా తల ఊపారు. ఇంతకంటే తిట్టినా బాగుండేది. తిట్టడానికి వాళ్లకి ఇక చోటు లేదు. అదీ నావల్లే.

మేడమ్‌ని అసోసియేషన్ పిలిపించింది. వీపు తిప్పి ఉన్నందుకు. వీపు తిప్పించింది వాళ్లే.

అమ్మ నిన్నటి నుంచి దాని గురించి ఒక్క మాట అనలేదు. ఇడ్లీ పెట్టింది. నేను తినలేదు. తినలేదని పలకలో చూసి ఉంటుంది.

ఐదు నిమిషాలు ఏం చెప్పాలో ఇక్కడ రాసుకుంటున్నాను. ముందు వద్దు అనే చెప్పాలనుకున్నాను. అంత మాత్రమే చెప్తే చాలదు. రమ్మని కూడా చెప్తాను. ఇలా:

మెత్తపూస వద్దు. పూస మెడలో ఉన్నా మీకు కెజియా కళ్లు కనిపించేవి కాదు, నా మోకాలు కనిపించేది. నేను దాచింది మోకాలు. మీకు ఆరు రోజులు కనిపించనివి కళ్లు. రెండూ తప్పే, మొదటిది నాది. శనివారాలు మీరు రండి. షెడ్డులో గోడ పక్కన కూర్చోండి. పలకలు తలుపు దగ్గర ఇవ్వండి, స్టాండు పక్కన ఇంకో పాత్ర పెడతాను. మా మొహాలు చూడండి. మిగతా నాలుగు రోజులు మూత మూత లాగే ఉండాలి. స్టాండు డ్యూటీ ఎవరిదైనా, పూస తీసుకునే ముందు ప్రతి అమ్మాయి మొహం లైటు కింద చూడాలి. ఏ తేడా ఉన్నా మేడమ్‌కి చెప్పాలి. ఇక ఒట్లు వద్దు.

రాసింది చదువుకుంటే రెండు వైపులా ఎవరికీ నచ్చదని అర్థమవుతోంది. అమ్మవాళ్లకి ఒక్కరోజు చాలదు. అమ్మాయిలకి ఒక్కరోజు కూడా ఎక్కువే. కెజియా అయితే అసలు ఒప్పుకోదు. నా పరువు తీశావే అని తిడుతుంది. తిట్టడానికి తను లేవాలి.

నా గొంతు రాకపోతే? మైకు ముందు నిలబడి నాలుగు, ఐదు, ఆరు అని లెక్కపెడుతూ ఉండిపోతే? చేతుల్లో ఏదైనా పట్టుకోవాలి. స్టాండు తీసుకెళ్తాను.

తలుపు కొడుతున్నారు.

ఇంకా మూడు నిమిషాలుంది. పూస ఈల వెయ్యలేదు. ఈ తలుపు ఎవరూ ఎప్పుడూ కొట్టరు, అవసరం ఉండదు.

"తరళా." అమ్మ. "సువార్తమ్మ ఫోన్ చేసింది."

లెక్క మొదలైంది.

"కెజియా లేచిందంట. లేవగానే నీ పేరు పెట్టి తిట్టిందంట. ఏం తిట్టిందే అంటే సువార్తమ్మ చెప్పట్లేదు. నవ్వుతా ఏడుస్తంది."

పేరు. నా పేరు పెట్టి.

"తరళా, వింటున్నావా? తలుపు తియ్యి. పూస వేసుకోకు, మేకుకే ఉండనీ. పలక వంటింట్లో పెట్టేసొచ్చాను." అమ్మ గొంతు ఎప్పటిలా లేదు. తలుపుకి బాగా దగ్గరగా ఉంది. "ఒకసారి నిన్ను చూడాలి."

పేజీలు ఎప్పటిలా ఎడమ కాలి షిన్ ప్యాడ్‌లోకి దోపుకుంటాను. అద్దంలో చూసుకున్నాను. నుదుటి మీద ఏమీ లేదు. మళ్లీ కొడుతోంది.